రోడ్డు ఆగిపోయాక రైలే దిక్కు

కెనడాలోని విన్నిపెగ్ స్టేషన్ నుంచి వారానికి రెండుసార్లు ఒక బండి ఉత్తరానికి బయల్దేరుతుంది. హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న చర్చిల్ దాకా 1,697 కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి దాదాపు అంతే దూరం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆ దూరాన్ని ఒక రోజు పైచిలుకులో దాటేస్తుంది. ఈ బండికి, అంతా సవ్యంగా సాగితే, రెండు రాత్రులు పడుతుంది. సుమారు 45 గంటలు. సగటున గంటకు 38 కిలోమీటర్లు.

ఇంత నెమ్మది బండి టైమ్‌టేబుల్ ఒక దేశం గురించి ఏం చెబుతుంది? కెనడా విషయంలో చాలానే చెబుతుంది.

తెలుగిళ్లలో కెనడా అంటే చాలావరకు టొరంటో, దాని పక్కనున్న బ్రాంప్టన్, లేదంటే పిల్లలకు కాలేజీ సీటు వచ్చిన మరో ఊరు. అందులో తప్పేమీ లేదు. కెనడా జనంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు అమెరికా సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపలే ఉంటారు. ఆ పట్టీ దేశం మొత్తం నేలలో నాలుగు శాతమే. 99.8 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం అది, భారతదేశానికి మూడింతలు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నంత మంది కూడా అక్కడ లేరు. అందుకే ఆ పైభాగాన్ని 'ఖాళీ' అనేస్తుంటారు, మ్యాపు చూసినవాళ్లూ, మ్యాపు గీసినవాళ్లూ. చర్చిల్ బండి టైమ్‌టేబుల్‌లో మాత్రం ఆ మాటకు చోటు లేదు.

మొదటి పూట అంతా ప్రేరీ. ఎటు చూసినా గోధుమ, ఆవ జాతి కనోలా చేలు, ధాన్యం నిల్వచేసే ఎత్తయిన ఎలివేటర్లు. డాఫిన్ దగ్గర ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటాల చర్చిలు కనిపిస్తాయి. 1890లలో వచ్చి అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టిన ఉక్రెయిన్ రైతులవి. రాత్రి బండి పక్కనున్న సస్కాచివాన్ రాష్ట్రంలోకి ఒక చుట్టు చుట్టి మళ్లీ విన్నిపెగ్, చర్చిల్ ఉన్న మానిటోబాలోకి వస్తుంది. తెల్లారేసరికి చేలు మాయం. ద పా అనే ఊరు దాటితే ఇక సన్నటి స్ప్రూస్ చెట్లు, చెరువులు, మళ్లీ చెట్లు. థాంప్సన్ నికెల్ గని కోసం 1950లలో అడవి మధ్య కట్టిన పట్టణం. గిల్లమ్ నెల్సన్ నది జలవిద్యుత్ కేంద్రాల ఊరు. అక్కడితో రోడ్డు అయిపోతుంది. ఇంకా 300 కిలోమీటర్లు పట్టాలు ఒంటరిగా వెళ్తాయి.

ఈ దారిలో చదవాల్సింది చిన్న పేర్లనే. థికెట్ పోర్టేజ్, పిక్విటొనై, ఇల్ఫర్డ్. ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేని ఊళ్లివి. చలికాలంలో చెరువులు గడ్డకడితే మంచు మీద వాహనాలు తిరుగుతాయి, మిగతా నెలల్లో రైలే దిక్కు. ఆసుపత్రికైనా, సరుకులకైనా, చుట్టాల పెళ్లికైనా. గిల్లమ్ దాటాక వచ్చే పేర్లలో చాలావాటికి ఊరు కూడా లేదు. పట్టాల పక్కన ఒక బోర్డు, అంతే. అయినా ముందుగా చెబితే బండి అక్కడ ఆగుతుంది. ఉచ్చులు పన్ని బొచ్చు జంతువులను పట్టేవాళ్లు, వేటగాళ్లు, పడవ వెంట తెచ్చుకున్నవాళ్లు దిగుతారు. ఒక్క మనిషి కోసం బండిని ఆపే టైమ్‌టేబుల్ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ప్రయాణికుడు లెక్కలోకి వచ్చే చోటు అది.

నెమ్మదికి కారణం బద్ధకం కాదు, నేల. వేల ఏళ్లుగా నాచు పేరుకుపోయి నీళ్లు పట్టిన చిత్తడిని అక్కడ మస్కెగ్ అంటారు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ దాని అడుగున ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల, అంటే పర్మాఫ్రాస్ట్. పైపొర వేసవిలో కరుగుతుంది, చలికాలంలో మళ్లీ గట్టిపడి ఉబ్బుతుంది. అందులో పాతిన స్తంభాన్ని నేలే బయటికి నెట్టేస్తుంది. అందుకే పాత టెలిగ్రాఫ్ తీగలకు ఇక్కడ ఒంటి స్తంభాలు పాతలేదు. మూడేసి కర్రలను పైన కలిపి కట్టి, ముక్కాలిపీటలా నేల మీద నిలబెట్టారు. నేల ఉబ్బినా కుంగినా పీట వాలుతుందేగాని పడదు. తీగలు పోయాక కూడా వాటిలో చాలా ముక్కాళ్లు పట్టాల పక్కన మిగిలే ఉన్నాయి. పట్టాలకు ఆ సౌకర్యం లేదు. కంకర పోస్తూ ఉండాలి, కట్ట కుంగుతూ ఉంటుంది, డ్రైవరు వేగం తగ్గిస్తూ ఉంటాడు.

2017 మార్చిలో మూడు రోజుల మంచు తుఫాను వచ్చింది. ఆ మంచంతా మే నెలలో కరిగి వరదైంది, గిల్లమ్‌కు ఉత్తరాన కట్ట దాదాపు ఇరవై చోట్ల కొట్టుకుపోయింది. బాగుచేసే ఖర్చు ఎవరిదన్న తగాదాతో ఏడాది గడిచింది. 870 మంది ఉండే చర్చిల్‌కి పాలు, కూరగాయలు విమానంలో రావాల్సి వచ్చింది, ధరలు పెరిగాయి. చలికాలానికి ఇళ్లు వెచ్చబెట్టే ప్రొపేన్‌ను ఓడలో తెచ్చారు. వరదకు ముందు ఊరికి వచ్చి చిక్కుకుపోయిన ప్యాసింజర్ బండి కూడా చివరికి ఓడ ఎక్కి వెళ్లిపోయింది. 2018 అక్టోబరు ఆఖరున పట్టాల మీద మళ్లీ బండి వచ్చినప్పుడు ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. డిసెంబరులో ప్రయాణికుల బండి వచ్చింది.

చరిత్ర క్లుప్తంగా ఇదీ. ప్రేరీ రైతులకు తమ గోధుమను యూరప్‌కు పంపడానికి దగ్గర దారి కావాలి. ముందు పోర్ట్ నెల్సన్ దగ్గర రేవు కట్టబోయి లక్షల డాలర్లు పోసి వదిలేశారు. 1927లో చర్చిల్‌ని ఎంచుకున్నారు, 1929లో పట్టాలు సముద్రాన్ని చేరాయి, 1931లో తొలి గోధుమ ఓడలు కదిలాయి. 1997లో రైలు మార్గం, రేవు ఒక అమెరికా సంస్థకు అమ్ముడయ్యాయి. 2016లో రేవు మూతపడింది. ఇప్పుడవి ఉత్తరాది ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీ సమూహాలు), ఆ దారిలోని ఊళ్ల ఉమ్మడి చేతిలో ఉన్నాయి.

ఈ టైమ్‌టేబుల్‌లో లేని ప్రయాణం ఒకటుంది. చర్చిల్‌కి పశ్చిమాన, కారిబూ దుప్పుల మందల వెంట తిరిగే సయిసీ డెనె జనాన్ని 1956లో ప్రభుత్వం విమానాల్లో ఎక్కించి చర్చిల్ శివార్లలో దించింది. దుప్పులు తగ్గిపోవడానికి వీళ్ల వేటే కారణమని అధికారుల నమ్మకం. తెలిసిన నేల పోయింది, చేసే పని పోయింది, కొత్త ఊరు వాళ్లను తనవాళ్లనుకోలేదు. 1973లో మిగిలినవాళ్లు తమంతట తామే టడూలే సరస్సు దగ్గరికి వెళ్లిపోయేనాటికి దాదాపు మూడో వంతు మంది చనిపోయారు. కేంద్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2016లో. మందల వెంట బతికే మనుషులు ఆఫీసు మ్యాపులో కనిపించకపోతే ఆ నేల ఖాళీ అయిపోతుంది. ఆ మాట ఎంత కీడు చేయగలదో సయిసీ డెనె పెద్దలను మించి చెప్పగలవాళ్లు లేరు.

ఊరి ముచ్చట్లు

అక్టోబరు, నవంబరుల్లో ధ్రువపు ఎలుగుబంట్లు చర్చిల్ చుట్టుపక్కల చేరతాయి. ఊరి పక్కనే నది నీళ్లు కలవడంతో అక్కడి సముద్రం ముందుగా గడ్డకడుతుంది, ఆ మంచు మీదికెళ్లి సీళ్లను వేటాడాలని వాటి ఎదురుచూపు. వీధిలో ఎలుగు ఎదురైతే ఎవరైనా దూరి తలదాచుకోవచ్చని ఊరివాళ్లు కార్లకు తాళం వేయరు. ఊళ్లోకి వచ్చినదాన్ని పట్టి, పాత సైనిక గోదాములో ఉంచుతారు. నీళ్లిస్తారు, తిండి పెట్టరు. ఊరికొస్తే తిండి దొరుకుతుందని అలవాటు కాకూడదు. తర్వాత హెలికాప్టర్‌లో దూరంగా వదిలి వస్తారు.

నదికి అవతలి ఒడ్డున స్లూప్స్ కోవ్ అనే చిన్న రేవు. హడ్సన్స్ బే కంపెనీ ఓడలను చలికాలం అక్కడ కట్టేసేవారు. అక్కడి రాతి మీద నావికుడు శామ్యూల్ హెర్న్ చెక్కిన పేరు, 1767 జులై 1 తేదీ ఇప్పటికీ చదవొచ్చు. మంచు యుగంలో హడ్సన్ అఖాతం మీద కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు నేల కుంగింది. మంచు కరిగిపోయి వేల ఏళ్లయినా అది ఇంకా లేస్తూనే ఉంది, ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. హెర్న్ పేరు చెక్కినప్పటి నుంచి రెండు మీటర్లకు పైగా పైకొచ్చింది. రాతిలో దిగగొట్టిన ఇనుప కడియాలు కొన్ని అలాగే ఉన్నాయి, వాటి దాకా ఓడ రావడానికి మాత్రం నీళ్లు లేవు.