పిల్లర్ నంబర్ల పైన ఉన్న పేరు

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా దాదాపు పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్ ఉంది కదా, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి పోయేవాళ్లంతా ఎక్కేది. దాని కింద ఉండేవాళ్లు అడ్రస్ చెప్పమంటే వీధి పేరు చెప్పరు, పిల్లర్ నంబర్ చెప్తారు. క్యాబ్ డ్రైవర్‌కి కూడా అదే చాలు. ఆ ఫ్లైఓవర్ అసలు పేరు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. మన బ్యాచ్‌లో చాలామందికి పీవీ అంటే ఆ రోడ్డు, లేకపోతే సోషల్ పరీక్షలో 1991 సంస్కరణల మీద రాసిన నాలుగు లైన్లు.

సీఎస్ఈ వాళ్లం కాబట్టి మనకి నచ్చే సంగతితో మొదలుపెడతా. రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో కంప్యూటర్ల మీద మోజు పెరుగుతున్న రోజులు. పార్టీలో పెద్దవాళ్లకి ఇవి ఎక్కవు అన్న మాట పీవీ చెవిన పడిందట. ఆయన వాదించలేదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకుని అడిగి ఒక కంప్యూటర్ తెప్పించుకుని, దాని ముందు కూర్చున్నారు. టైపింగ్‌తో ఆగకుండా కోబాల్, బేసిక్ నేర్చుకుని, యూనిక్స్ దాకా వెళ్లారని ఆయన జీవితచరిత్ర 'హాఫ్ లయన్'లో వినయ్ సీతాపతి రాశారు. అప్పటికి పీవీకి అరవై దాటాయి. మనం పాయింటర్స్ చాప్టర్ దగ్గరే చేతులెత్తేస్తున్నాం, అది వేరే విషయం.

మాట్లాడకుండా కూర్చుని, టైమ్ తీసుకుని, పని పూర్తి చేయడం. పీవీ మొత్తం కథ ఈ ఒక్క అలవాటు చుట్టూ తిరుగుతుందని నాకనిపిస్తుంది. దేశానికి మంచి జరిగింది దాని వల్లే, ఆయన పేరుకి మచ్చ పడింది కూడా దాని వల్లే.

1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు, కరీంనగర్ జిల్లా వంగరకి దత్తత వెళ్లారు. నిజాం రాజ్యంలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఇక్కడ చదువు ఆగిపోతే, మరాఠీ ప్రాంతాలకి వెళ్లి చదువుకున్నారు. అలా వచ్చిన మరాఠీతో హరి నారాయణ ఆప్టే నవలని 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'ని 'సహస్రఫణ్' అని హిందీ చేశారు. ఆయనకి ఎన్ని భాషలొచ్చు అని వాట్సాప్‌లో లెక్కలు తిరుగుతుంటాయి. లెక్క సంగతేమో గానీ, 'వేయిపడగలు'ని హిందీలో పెట్టాలంటే ఎంత ఓపిక కావాలో ఆ పుస్తకం లావు చూసినవాళ్లకి తెలుస్తుంది.

1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ మాత్రం ఆయన నెమ్మదిగా లేరు. స్వయంగా పెద్ద భూస్వామి కుటుంబం వాడై ఉండి భూపరిమితి చట్టం తెచ్చారు. ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదు, మిగిలింది ప్రభుత్వానికి ఇచ్చేయాలి, అది పేదలకి పంచాలి. భూములున్నవాళ్లే ఎమ్మెల్యేలుగా ఉన్న రాష్ట్రంలో ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే టైమ్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని సమర్థిస్తూ పీవీ మాట్లాడిన మాటలు కోస్తా, రాయలసీమల్లో మంట పెట్టాయి. జై ఆంధ్ర ఉద్యమం ఎగసింది. 1973 జనవరిలో కుర్చీ పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. గట్టిగా చెప్పి చేస్తే ఏమవుతుందో ఆయనకి అప్పుడే అర్థమైపోయి ఉంటుందని నా ఊహ.

ఆ కాలంలోనే, 1971లో, నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెటూరి పిల్లల్లో చురుకైనవాళ్లని తీసుకొచ్చి అక్కడే ఉంచి చదివించడం. కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యాక అదే ఆలోచన నవోదయ విద్యాలయాలుగా దేశమంతా వెళ్లింది. మన హాస్టల్‌లో నవోదయ నుంచి వచ్చినవాళ్లు ఉంటే, ఈ పేరా వాళ్లకి అంకితం.

ఇక 1991. ఆ ఎన్నికల్లో పీవీ పోటీ కూడా చేయలేదు, రిటైర్మెంట్ మూడ్‌లో ఉన్నారు. మే 21న రాజీవ్ హత్య జరిగింది. సరిగ్గా నెలకి, జూన్ 21న, పీవీ ప్రధాని. లోక్‌సభలో పూర్తి మెజారిటీ లేదు. ఖజానాలో ఉన్న విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంతే. అంటే పెట్రోలు కొనడానికి డాలర్లు లేవు. జులైలో దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. మొదటి దానికే విమర్శలు రావడంతో రెండోది ఆపుదామా అని పీవీ వెనకాడారట. ఆ కబురు రిజర్వ్ బ్యాంక్‌లో రంగరాజన్‌కి చేరేసరికే పని అయిపోయింది. అంటే మన 'ధైర్యవంతుడైన సంస్కర్త' కూడా భయపడ్డారు. నాకు ఈ ముక్క చాలా ఇష్టం.

అసలు మ్యాజిక్ జులై 24న జరిగింది. మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివింది ఆ రోజే, అందరి చూపూ దాని మీదే. దానికి కొన్ని గంటల ముందు కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకొచ్చింది. పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉంది, అయినా ఆయన లేచి ప్రసంగం చేయలేదు. సహాయమంత్రి చేత పెట్టించారు. అందులో 18 రకాల పరిశ్రమలకి తప్ప లైసెన్సు అక్కర్లేదని ఉంది. అప్పటిదాకా ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ఢిల్లీ పర్మిషన్ కావాలి. నలభై ఏళ్ల పద్ధతిని తీసేస్తూ కూడా ఆ పత్రం నెహ్రూ పేరుతోనే మొదలవుతుంది, ఏదీ మారలేదన్నట్టు. మొత్తం కోడ్ తిరగరాసి, కామెంట్స్ మాత్రం పాతవే ఉంచడం లాంటిది. 1992లో షేరు ధర ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి కూడా పోయింది. 1993లో ఇన్ఫోసిస్ షేర్ మార్కెట్‌కి వచ్చింది. మన ప్లేస్‌మెంట్ సెల్ నోటీసు బోర్డుకి దారి అటునుంచే.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది, ఆయన జయంతికి వచ్చే పోస్టులన్నీ ఇక్కడే ఆపేస్తాయి. కానీ 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు హోం మంత్రి పీవీ. ఢిల్లీ పోలీసులు ఆ శాఖ కిందికే వస్తారు. అధికారిక లెక్కలోనే ఆ నగరంలో 2,733 మంది చనిపోయారు. నిర్ణయాలన్నీ ప్రధాని ఆఫీసు నుంచే నడిచాయని ఆయన తరఫున చెప్పేవాళ్లున్నారు. ఉండొచ్చు. అప్పుడు రాజీనామా అనేది ఒకటి ఉంటుంది, అది ఆయన చేయలేదు.

1992 డిసెంబర్ 6 కూడా అంతే. మసీదుకి ఏమీ కానివ్వమని యూపీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి మాటిచ్చింది. రాష్ట్రపతి పాలన పెట్టే అవకాశం ఉన్నా పీవీ ఆ మాట నమ్మి ఆగారు. ముందే పెట్టి ఉంటే రాజ్యాంగానికి విరుద్ధం అనేవాళ్లు, నిజమే. కానీ ఆయన ఆగిన ఫలితం బాబ్రీ కూలిపోవడం, తర్వాత ముంబై వరకు పాకిన అల్లర్లు. ఫైళ్ల విషయంలో ఆగడం తెలివి కావచ్చు. గుంపు గోడ ఎక్కుతున్నప్పుడు దాన్ని తెలివి అనలేం. రెండిటికీ తేడా తెలియనంత అమాయకుడు కాదు కాబట్టే నాకు ఎక్కువ కోపం. దీని మీద ఆయన రాసుకున్న పుస్తకం కూడా చనిపోయాకే, 2006లో, బయటికొచ్చింది. సంజాయిషీలో కూడా అంత ఆలస్యం.

2004 డిసెంబర్ 23న పోయారు. ఢిల్లీలో కాంగ్రెస్ ఆఫీసు గేటు ఆయన పార్థివదేహానికి తెరుచుకోలేదు, వాహనం బయటే కాసేపు ఆగి వెళ్లిపోయింది. అంత్యక్రియలు హుస్సేన్‌సాగర్ ఒడ్డున. భారతరత్న 2024లో ఇచ్చారు, ఇరవై ఏళ్లకి. అప్పట్నుంచి ఆయన్ని మా వాడంటే మా వాడని అన్ని పార్టీలూ అంటున్నాయి.

మన క్లబ్ వాళ్లకి ఒక చివరి మాట. నలభైల చివర్లో, కాకతీయ పత్రిక నడిపే రోజుల్లో, పీవీ 'గొల్ల రామవ్వ' అనే కథ రాశారు. నిజాం పోలీసులు తరుముతున్న ఒక కుర్రాణ్ణి ఇంట్లో దాచే ముసలవ్వ కథ. ఆమె ఆలోచిస్తూ కూర్చోదు. చిన్న కథే, ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది. చదివినవాళ్లు వచ్చే మీటింగ్‌కి రండి, మాట్లాడుకుందాం.