తోకలేని పిట్టకు గూడు

మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని చరిత్రకారులు భావించే నీలి వజ్రం పేరు హోప్ డైమండ్. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చేతిలో పడి, పద్నాలుగో లూయీ ఖజానా చేరి, దొంగల పాలై, చేతులు మారుతూ చివరికి న్యూయార్క్ నగల వ్యాపారి హారీ విన్‌స్టన్ దగ్గరికొచ్చింది. 1958లో ఆయన దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు దానమిచ్చాడు. అంత విలువైన రాయిని తుపాకుల కాపలాతో పంపి ఉంటాడనుకుంటాం. ఆయన గోధుమరంగు కాగితంలో పొట్లం కట్టించి, నవంబరు 8న రిజిస్టర్డ్ పోస్టు చేయించాడు! తపాలా రుసుము 2 డాలర్ల 44 సెంట్లు. పది లక్షల డాలర్లకు చేయించిన బీమాతో కలిపి మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు. రెండు రోజుల తర్వాత జేమ్స్ టాడ్ అనే పోస్ట్‌మ్యాన్ ఆ పొట్లాన్ని తెచ్చి అప్పగించాడు.

వజ్రం సహజ చరిత్ర మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. దాన్ని చుట్టిన కాగితాన్ని కూడా ఎవరూ పారేయలేదు. అదే నగరంలో ఉన్న నేషనల్ పోస్టల్ మ్యూజియం సేకరణలోకి చేరింది. కొల్లూరు మాత్రం పులిచింతల నీళ్ల కింద ఉంది.

రాయిని దాచడం ఎవరికైనా తెలుసు. పొట్లం కట్టిన కాగితాన్ని దాచాలంటేనే చరిత్ర మీద మమకారం కావాలి. వజ్రాన్ని సైతం ఓ మామూలు తపాలా ఉద్యోగి చేతికిచ్చి నిశ్చింతగా కూర్చున్న రోజులుండేవని చెప్పేది ఆ కాగితమే. దాని మీదున్న ముద్రలు, చెల్లించిన రుసుముల గుర్తులు, చిరునామా అన్నీ కలిస్తే ఆ ప్రయాణం మొత్తం మన కళ్లముందుంటుంది.

స్టాంపుల సేకరణకూ తపాలా చరిత్రకూ తేడా ఇక్కడే ఉంది. ఒకప్పుడు బడి పిల్లలు కవరును నీళ్లలో నానబెట్టి, స్టాంపు ఊడదీసి ఆల్బంలో అతికించి, కవరును చెత్తబుట్టలో వేసేవాళ్లు. తపాలా చరిత్ర చదివేవాళ్లకు అది గుండె తరుక్కుపోయే పని. ఉత్తరం ఏ ఊళ్లో బయల్దేరింది, ఏ దారిన వచ్చింది, ఎన్ని రోజులు పట్టింది, ఎంత కట్టారు అనే కబుర్లన్నీ కవరు మీదే ఉంటాయి. స్టాంపు అందులో ఒక ముక్క, అంతే.

స్మిత్సోనియన్‌లో స్టాంపుల సేకరణ 1886 నుంచే ఉంది. దానికి సొంత గూడు మాత్రం 1993 జులై 30న దొరికింది. యూనియన్ స్టేషన్ పక్కన 1914లో కట్టిన పాత సిటీ పోస్టాఫీసు భవనమే నేషనల్ పోస్టల్ మ్యూజియమైంది. పెద్దలు అక్కడ తలకిందులుగా అచ్చయిన విమానం బొమ్మ స్టాంపు కోసం వెతుకుతారు. పిల్లలు ఓనీ దగ్గర ఆగుతారు. ఓనీ ఒక ఊరకుక్క. 1880ల చివర్లో ఆల్బనీ పోస్టాఫీసులో ఉత్తరాల సంచుల మీద పడుకోవడం మరిగి, తర్వాత వాటితోపాటే తపాలా రైళ్లెక్కడం మొదలుపెట్టింది. వెళ్లిన ఊరల్లా దాని మెడకో బిళ్ల తగిలించి పంపేది. బరువు మోయలేకపోతోందని పోస్ట్‌మాస్టర్ జనరల్ జాన్ వానమేకర్ దానికి బిళ్లలు తగిలించుకునే చొక్కా లాంటిది కుట్టించి ఇచ్చాడు. 1897లో అది చనిపోయాక చర్మాన్ని స్టఫింగ్ చేసి, రూపం చెడకుండా దాచారు. బిళ్లల మీది ఊళ్ల పేర్లు చదువుతూ పోతే చాలు, అమెరికా రైలు తపాలా ఎక్కడెక్కడికి వెళ్లేదో పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది.

మే పియర్‌స్టార్ఫ్ కథ కూడా పిల్లలు నోరు తెరుచుకుని వినేదే. 1914 ఫిబ్రవరిలో ఐడహోలో ఓ తల్లిదండ్రులు తమ చిన్నారిని అమ్మమ్మ ఊరికి పార్సిల్‌గా పంపారు. రైలు టికెట్ కన్నా పార్సిల్ చవక! కోటుకు 53 సెంట్ల స్టాంపులు అంటించారు. సంచిలో కుక్కారనుకునేరు. తపాలా బోగీలో పనిచేసే బంధువు వెంట కూర్చోబెట్టారు. పార్సిల్ సేవ మొదలై అప్పటికి ఏడాదే. జనం దాన్ని ఎంతగా నమ్మారో, ఎంతగా వాడేసుకున్నారో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

లండన్ వాళ్లది మరో పద్ధతి. అక్కడి పోస్టల్ మ్యూజియం 2017లో తెరుచుకుంది. అసలు ఆకర్షణ నేల కింద ఉంది. పాడింగ్టన్ నుంచి వైట్‌చాపెల్ దాకా దాదాపు పది కిలోమీటర్ల సొరంగంలో 1927 నుంచి 2003 వరకు డ్రైవర్ లేని కరెంటు రైళ్లు ఉత్తరాలు మోసేవి. ఇప్పుడు ఆ దారిలో కొంత మేర సంచుల చోట సందర్శకులు ముడుచుకుని కూర్చుని తిరిగొస్తున్నారు.

మన దేశంలో ఇలాంటి కథలకు కొదవ లేదు. 1852 జులై 1న సింధ్ ప్రాంతంలో అప్పటి కమిషనర్ బార్టిల్ ఫ్రేర్ విడుదల చేయించిన అరణా 'సిండే డాక్' ఆసియాలోనే మొదటి తపాలా బిళ్ల. ముందు దాన్ని లక్క లాంటి ఎర్ర పదార్థంతో చేశారు. వంచితే పెటుక్కున విరిగేది. అందుకే ఇవాళ అది అంత అరుదు. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలా ఎగిరింది కూడా ఇక్కడే: 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు ప్రదర్శన మైదానం నుంచి ఆరువేలకు పైగా ఉత్తరాలతో ఆన్రీ పెకే విమానం యమున దాటి నైనీలో దిగింది. శత వార్షికం వచ్చినప్పుడు 2011లో ఢిల్లీలో ఇండిపెక్స్ ప్రపంచ స్టాంపుల ప్రదర్శన జరిగింది. అందులోనే గాంధీజీ స్టాంపును ఖాదీ గుడ్డ మీద అచ్చువేసి విడుదల చేశారు. ఢిల్లీ డాక్ భవన్‌లో జాతీయ ఫిలాటెలిక్ (స్టాంపుల సేకరణ) మ్యూజియం 1968 నుంచి ఉంది.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూడాల్సినవి నిజాం స్టాంపులు. హైదరాబాద్ సంస్థానం 1869లో సొంతంగా స్టాంపు వేసింది. 1871 నాటి బిళ్లల మీద ఉర్దూ, ఇంగ్లిషు, మరాఠీలతో పాటు తెలుగులోనూ విలువ రాసి ఉంటుంది. 1931 వరసలో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా కనిపిస్తాయి. 1950 ఏప్రిల్‌లో నిజాం తపాలా భారత తపాలా శాఖలో కలిసిపోయింది.

ఇలాంటివి ప్రదర్శనలో పెట్టడానికీ ఒక లెక్కుంది. ఒక్కో ఫ్రేములో ఏ4 కొలతవి పదహారు పేజీలు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తపాలా చరిత్ర విభాగంలో వందకు 35 మార్కులు పరిజ్ఞానానికి, పరిశోధనకు. కథ అల్లిన తీరుకూ విషయ ప్రాముఖ్యానికీ 30, నాణ్యతకూ అరుదుదనానికీ 30. అందంగా అమర్చినందుకు వచ్చేవి అయిదే! డబ్బు పోసి అరుదైన కవర్లు కొనుక్కొచ్చినవాళ్లు కూడా, వాటి గురించి చెప్పడం రాకపోతే పతకం దగ్గర చతికిలబడేది ఇందుకే.

పిల్లల కోసం తపాలా శాఖ 2017లో దీనదయాళ్ స్పర్శ్ యోజన తెచ్చింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివేవాళ్లలో దేశమంతటా 920 మందికి ఏడాదికి ఆరువేల రూపాయల ఉపకార వేతనం. బడిలో ఫిలాటెలీ క్లబ్బులో సభ్యులై ఉండాలి, లేదా సొంతంగా ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరవాలి. క్విజ్, ప్రాజెక్టు చూసి ఎంపిక చేస్తారు. మంచి పథకమే. కానీ తొలి స్టాంపు ఏ ఏడాదని క్విజ్‌లో అడిగితే ఫోన్ చూసైనా బట్టీపట్టొచ్చు. చేతికో పాత కార్డు ఇచ్చి దీన్ని చదవమంటేనే తమాషా.

భద్రాచలాన్నే తీసుకుందాం. ఆ ఊళ్లో ఒకే ఇంటికి తరతరాలుగా వచ్చిన ఉత్తరాలు ఉన్నాయనుకోండి. 1953 అక్టోబరుకు ముందు వాటి మీద మద్రాసు. తర్వాత ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ తర్వాత తెలంగాణ. జిల్లా చూస్తే 1959 దాకా తూర్పు గోదావరి, ఆ పైన ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. 1972 ఆగస్టు 15కు ముందువాటికి పిన్‌కోడే ఉండదు. ఇల్లు అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం నాలుగు రాష్ట్రాలు, మూడు జిల్లాలు తిరిగింది. రాష్ట్రాల ఏర్పాటు పాఠానికి ఇంతకన్నా మంచి ఉపకరణం ఏ టీచరుకైనా ఎక్కడ దొరుకుతుంది?

అవకాశం మాత్రం కరిగిపోతోంది. డెన్మార్క్‌లో 1624 నుంచి నడిచిన ప్రభుత్వ ఉత్తరాల బట్వాడాకు 2025 డిసెంబరుతో తెరపడింది. మన దేశంలో రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. హారీ విన్‌స్టన్ వజ్రాన్ని నమ్మి అప్పగించింది అలాంటి సేవకే మరి.

కాబట్టి అటక మీది ట్రంకుపెట్టెల వైపు ఓ కన్నేయడం మంచిది. మన ఇళ్లలో ఉత్తరాలను దూలానికి వేలాడే ఇనప తీగకు గుచ్చేవారు. కార్డు నడుమ తుప్పు అంచుతో చిల్లుంటే అది తీగకు గుచ్చిన కార్డని గుర్తుపట్టొచ్చు. ఆ చిల్లు పూడ్చకూడదు, అదీ చరిత్రే. పెళ్లి కబురుకు మూలల్లో పసుపు ఉంటుంది. చావు కబురు కార్డును మాత్రం చదివిన వెంటనే చింపేసేవారు, ఇంట్లో ఉంచుకోకూడదని. అందువల్ల పాత కట్టలు విప్పితే పెళ్లిళ్లు, పురుళ్లు, అప్పులు, పంటలు అన్నీ కనిపిస్తాయి, మనుషులు పోవడం మాత్రం కనిపించదు. ఈ ఖాళీ గురించి తెలియని పరిశోధకుడు పొరబడడం ఖాయం.

దాచేటప్పుడు సెలోటేపు ముట్టుకోవద్దు. కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితాన్ని తినేస్తుంది. పీవీసీ కవర్లూ పనికిరావు, పాలియెస్టర్‌వి వాడాలి. కాగితం మీద పడే వెలుతురు 50 లక్స్‌కు మించకుండా మ్యూజియంలు జాగ్రత్తపడతాయి. ఇంట్లో అయితే ఎండ తగిలే గోడకు తాతగారి ఉత్తరాన్ని ఫ్రేము కట్టి వేలాడదీయకపోతే చాలు. ఫొటో తీసి ప్రింటును గోడకు పెట్టి, అసలుదాన్ని చీకటి పెట్టెలో ఉంచాలి. స్టాంపు కోసం పిల్లలు కవరును నీళ్లలో ముంచబోతే ఆపాలి.