మన పాటయు మన సిగ్గును

మన బాలబాలికలు ప్రతి ఉదయమున పాడెడి జనగణమన గీతమునకు నాటి చిత్తూరు జిల్లాతో సంబంధము గలదు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి, ఆ గీతమును తామే పాడి వినిపించి, ఆంగ్లమున అనువదించిరి. మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ దొరసాని దాని స్వరములను వ్రాసియుంచుటకు తోడ్పడెను. పరదేశమున పుట్టిన ఆమె మన పాటకు విలువనిచ్చెను. ఆ విలువ నెరుగక సిగ్గుపడినవారము మనమే.

ఈ మాట ఇతరులనుగూర్చి గాదు. మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించి కొలువున చేరిన తొలి దినములలో, వార్షికోత్సవమునకై ఒక బాలిక తన అవ్వ నేర్పిన కీర్తనను తాళములతో పాడుదునని వచ్చెను. పెద్ద అతిథులు వచ్చుచున్నారు, ఇంగ్లీషు పాట నేర్చుకొమ్మని మేమే త్రిప్పి పంపితిమి. ఉత్సవదినమున ఆ అవ్వ పల్లెనుండి నడచివచ్చి చివరి వరుసలో కూర్చుండి వినెను. పిమ్మట మమ్ము సమీపించి, "అయ్యవారూ, పాప బాగానే పాడింది. ఏమని పాడిందో మీరన్నా చెప్పండి" అని అడిగెను. అర్థము చెప్పితిమి గాని, ఆమె ముఖము చూడలేకపోతిమి.

మనము చిన్నచూపు చూచు కీర్తనలు సామాన్యమైనవి కావు. పురుషోత్తమ చౌధరిగారు (1803-1890) మొదలగు భక్తకవులు మన దేశపు పల్లవి, అనుపల్లవి, చరణముల కట్టడినే గైకొని, రాగతాళములను నిర్ణయించి వానిని రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పాట పైభాగమున రాగము, తాళము అచ్చువేయబడి యుండును. (పిల్లలు ఆ పంక్తిని దాటిపోవుదురు, ఇకనైనను చదువుడు.) ఒకరు పల్లవి నెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. అందుచేత అక్షరము రాని మన అవ్వలు సయితము పుస్తకము లేకయే వేదాంతమును కంఠమున నిలుపుకొనిరి.

కట్టడములయందును ఇట్టి యత్నము జరిగినది. ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషపైన అజరయ్యగారి పూనికచే కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయము గుడుల పోలికను, మసీదుల పోలికను కలుపుకొన్నది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అధికారము మన చేతికి వచ్చినది గాని, సిగ్గు అంత త్వరగా మనలను వీడలేదు.

అయితే దేశీయమైనదంతయు మంచిదని మేము చెప్పము. మన తాతలలో ననేకులను ఊరిబావి దరికి రానీయని కట్టుబాటును ఈ దేశపుదే. వారి చేతికి పలక నిచ్చినవారిలో పరదేశపు మిషనరీలు గలరు. ఆ మేలును మరచి, పాతదని కుల కట్టుబాటును గూడ నెత్తికెత్తుకొనుట స్వదేశాభిమానము కానేరదు.

ఈ యేటి ఉత్సవమున రెండు కీర్తనలు తాళములతో పాడబడును. పుస్తకమున లేని పాత పాటలు ఎరిగిన అవ్వలు మీ యిండ్లలో నుండిన, తల్లిదండ్రులు వారిని ఒక శనివారము పాఠశాలకు తోడ్కొని రావలెనని కోరుచున్నాము. పిల్లలు వ్రాసికొందురు. అవ్వలకు మొదటి వరుసలో చోటుండును.