రెండవ గెలుపు

తొలి గెలుపునకు గాలి తోడవుతుంది. రెండవ గెలుపునకు చేసిన పనే సాక్ష్యం. పార్లమెంటులో ఏళ్ల తరబడి నేను గమనించిన సత్యమిది.

మొన్న భిలాయిలోని మరోదాలో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించిన తెలుగు పెద్దాయన ఇంట ఈ మాటే గుర్తుకు వచ్చింది. ఆయన మనుమడు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీలో మళ్లీ నెగ్గాడు. ముఖంలో మాత్రం దిగులు.

"నిరుడు గెలిచానని ఈ ఏడు ఒక్క మార్కూ కలపరు, తాతయ్యా!"

బెలారస్ యువకుడు గెన్నాదీ కొరోత్కెవిచ్ గూగుల్ కోడ్ జామ్‌లో 2014 నుండి 2020 వరకు వరుసగా ఏడుసార్లు విజేత. 2023లో ఆ పోటీయే ముగిసింది, నేర్పు మిగిలింది.

పెద్దాయన నవ్వారు: "మా కర్మాగారం ప్రధానమంత్రి ట్రోఫీ 11 సార్లు గెలిచింది, నాయనా. అయినా ప్రతి పొద్దూ కొత్త ఉక్కు పోయవలసిందే."

ఢిల్లీ చేరాక ఆ మాట కొందరు సభ్యులకు చెప్పాలనిపించింది.