కొరత ఉన్నదేది? సూక్ష్మజీవుల వృద్ధి నమూనాలు – పోషక పరిమితి

వరి కోసిన పొలంలో గడ్డిని తగులబెట్టకుండా నేలలో కలియదున్నిన రైతు, ఆ వెంటనే వేసిన పైరు లేత దశలోనే పాలిపోవడం చూసి విస్తరణ శాస్త్రవేత్తను ప్రశ్నిస్తాడు. సేంద్రియ పదార్థం చేరితే నేల బలపడాలి కదా, పైరు ఎందుకు పసుపుబారింది? జీవన ఎరువు కొని పొలమంతా చల్లిన మరొక రైతు, చల్లిన చోటికీ చల్లని చోటికీ తేడా ఎందుకు కనిపించలేదని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా తోచినప్పటికీ వాటి వెనుక ఉన్న విషయం ఒక్కటే. ఆ నేలలో, ఆ సమయంలో, సూక్ష్మజీవుల వృద్ధికి అడ్డుపడుతున్న కొరత ఏది? ఈ ప్రశ్నను స్పష్టంగా అడగడానికి, అంకెలతో సమాధానం వెదకడానికి ఉపకరించేవే సూక్ష్మజీవుల వృద్ధికి సంబంధించిన గణిత నమూనాలు.

హద్దులేని వృద్ధి – హద్దు గల వాస్తవం

అనుకూల పరిస్థితులలో ఎషెరీషియా కోలి బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా విభజన చెందుతుంది. అంటే గంటకు 3 సార్లు, రోజుకు 72 సార్లు. ఒక కణం బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు అనుకున్నా, ఇదే వేగం 24 గంటలు కొనసాగితే ఒక్క కణం నుంచి ఏర్పడే రాశి సుమారు 4,700 టన్నులు అవుతుంది. ఇది ఏనాడూ జరగదు. కాబట్టి ఘాతాంక వృద్ధి అనేది సూక్ష్మజీవి సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. వాస్తవ వృద్ధిని నిర్ణయించేది పరిసరాలలోని కొరత.

బెల్జియం గణిత శాస్త్రవేత్త వెర్హుల్స్ట్ 1838లో ప్రతిపాదించిన లాజిస్టిక్ సమీకరణం ఈ హద్దును తొలిసారి గణితంలోకి తెచ్చింది. జనాభా ఒక గరిష్ఠ పరిమితిని సమీపించే కొద్దీ వృద్ధి మందగిస్తుందని ఆ సమీకరణం చెబుతుంది. అయితే హద్దు ఉన్నదని చెప్పినంత స్పష్టంగా, ఆ హద్దు దేనివల్ల ఏర్పడిందో అది చెప్పదు. వ్యవసాయానికి కావలసినది ఈ రెండవ సమాచారమే.

మోనో సమీకరణం

ఆ లోటును పూరించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ మోనో. ఆయన పారిస్‌లో బ్యాక్టీరియాను వేర్వేరు గ్లూకోజు సాంద్రతలలో పెంచి, వృద్ధి వేగాన్ని కొలిచి, ఆ ఫలితాలను 1942లో తన పరిశోధన గ్రంథంలో ప్రకటించాడు. 1949లో వెలువడిన సమీక్షా వ్యాసం ద్వారా అవి విస్తృత ప్రచారం పొందాయి. జన్యు నియంత్రణపై చేసిన కృషికి 1965లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో మోనో ఒకరు. ఆయన సమీకరణాన్ని మాటలలో ఇలా రాయవచ్చు:

వృద్ధి వేగం = గరిష్ఠ వృద్ధి వేగం × [పోషక సాంద్రత ÷ (అర్ధ సంతృప్త స్థిరాంకం + పోషక సాంద్రత)]

ఇందులో అర్ధ సంతృప్త స్థిరాంకం అంటే వృద్ధి వేగం గరిష్ఠంలో సరిగ్గా సగానికి చేరే పోషక సాంద్రత. ఎంజైముల చర్యా వేగానికి మైకేలిస్, మెంటెన్ 1913లో ఇచ్చిన సమీకరణానికీ దీనికీ రూపంలో పోలిక ఉంది. కానీ మోనో సమీకరణం ప్రయోగ ఫలితాలకు సరిపోయేలా ఎంచుకున్న రూపమే తప్ప, కణంలోని రసాయన చర్యల నుంచి రాబట్టినది కాదు.

ఎషెరీషియా కోలికి గ్లూకోజు విషయంలో మోనో ఇచ్చిన స్థిరాంకం లీటరుకు 4 మిల్లీగ్రాములు. ఈ అంకెను సమీకరణంలో ఉంచి చూస్తే విషయం బోధపడుతుంది. గ్లూకోజు 1 మిల్లీగ్రాము ఉన్నప్పుడు వృద్ధి వేగం గరిష్ఠంలో 20 శాతం, 2 మిల్లీగ్రాములు ఉంటే 33 శాతం, 4 ఉంటే 50 శాతం, 40 ఉంటే 91 శాతం, 80 ఉంటే 95 శాతం. కొరత ఉన్న చోట పోషకాన్ని 1 నుంచి 2 మిల్లీగ్రాములకు పెంచితే వేగం 13 శాతం పాయింట్లు పెరిగింది. సమృద్ధి ఉన్న చోట 40 మిల్లీగ్రాములు అదనంగా చేర్చినా పెరిగింది 4 పాయింట్లే. పోషకం విలువ దాని పరిమాణంలో కాక, అది చేరిన చోట ఉన్న కొరతలో ఉన్నదని ఈ వక్రరేఖ తెలియజేస్తుంది.

రెండు పోషకాలు ఉన్నప్పుడు

నేలలో సూక్ష్మజీవికి ఒకే పోషకం చాలదు. కర్బనం, నత్రజని, భాస్వరం, గంధకం అన్నీ కావాలి. అత్యల్పంగా లభించే పోషకమే వృద్ధిని నిర్ణయిస్తుందన్న సూత్రాన్ని జర్మనీలో 1828లో స్ప్రెంగెల్ వివరించగా, 1840 తరువాత లీబిగ్ దానికి ప్రాచుర్యం కల్పించాడు. సూక్ష్మజీవుల నమూనాలలో ఈ సూత్రాన్ని పాటించాలంటే, ప్రతి పోషకానికీ విడిగా మోనో భిన్నాన్ని లెక్కించి, వాటిలో కనిష్ఠమైన దానిని మాత్రమే తీసుకోవాలి. మరొక పద్ధతిలో అన్ని భిన్నాలనూ ఒకదానితో ఒకటి గుణిస్తారు.

కర్బనం భిన్నం 0.9, నత్రజని భిన్నం 0.2 అనుకుంటే, కనిష్ఠ సూత్రం ప్రకారం వృద్ధి 0.2, గుణకార పద్ధతిలో 0.18. ఇక్కడ పెద్ద తేడా లేదు. రెండు భిన్నాలూ 0.5 అయితే మొదటి పద్ధతిలో 0.5, రెండవ పద్ధతిలో 0.25 వస్తుంది. అంటే ఒకే పోషకం తీవ్రంగా కొరతపడినప్పుడు ఏ నమూనా వాడినా సమాధానం దాదాపు ఒకటే. రెండు పోషకాలూ సమానంగా కొరతపడినప్పుడు మాత్రం నమూనా ఎంపికపై ఆచితూచి నిర్ణయం తీసుకోవాలి.

మరొక సవరణ 1968లో డ్రూప్ నుంచి వచ్చింది. విటమిన్ బి12 కొరతలో సముద్ర శైవలాలను పెంచిన ఆయన, వృద్ధి వేగం బయట ద్రావణంలోని పోషకం కన్నా కణం లోపల నిల్వ ఉన్న పోషకంపై ఆధారపడుతుందని చూపాడు. బయట పోషకం అయిపోయిన తరువాత కూడా లోపలి నిల్వతో కణాలు కొంతకాలం విభజన చెందుతాయి. ఒకనాటి నేల ద్రావణం విశ్లేషణతోనే సూక్ష్మజీవుల స్థితిని నిర్ణయించరాదనడానికి ఇది ఒక కారణం.

వరి గడ్డి లెక్క

పైరు పసుపుబారడానికి కారణాన్ని ఇప్పుడు అంకెలలో పరిశీలించవచ్చు. ఒక టన్ను పొడి వరి గడ్డిలో కర్బనం 40 శాతం, నత్రజని 0.6 శాతం అనుకుంటే, 400 కిలోల కర్బనం, 6 కిలోల నత్రజని ఉంటాయి. కర్బన-నత్రజని నిష్పత్తి సుమారు 67. సూక్ష్మజీవుల శరీరంలో ఈ నిష్పత్తి 8 అనీ, అవి కుళ్లబెట్టిన కర్బనంలో 40 శాతాన్ని శరీర నిర్మాణానికి వాడుకుని మిగిలినది బొగ్గుపులుసు వాయువుగా విడుస్తాయనీ భావిద్దాం. 8ని 0.4తో భాగిస్తే 20 వస్తుంది. ఇదే సంధి నిష్పత్తి. దీనికన్నా ఎక్కువ నిష్పత్తి గల పదార్థం చేరితే సూక్ష్మజీవులకు నత్రజని కొరత, తక్కువ గల పదార్థం చేరితే కర్బనం కొరత ఏర్పడుతుంది.

తొలి వారాలలో గడ్డిలో సగం కుళ్లితే 200 కిలోల కర్బనం వినియోగమవుతుంది. అందులో 80 కిలోలు సూక్ష్మజీవుల శరీరంగా మారడానికి 10 కిలోల నత్రజని కావాలి. కుళ్లిన గడ్డి ఇచ్చేది 3 కిలోలే. మిగిలిన 7 కిలోలను సూక్ష్మజీవులు నేల నుంచి, అంటే పైరు వేళ్లకు అందవలసిన దాని నుంచి తీసుకుంటాయి. ఎకరాకు 2 టన్నుల గడ్డి కలిపితే ఇది 14 కిలోలు, సుమారు 30 కిలోల యూరియాలో ఉండే నత్రజని. ఇది నష్టపోయిన నత్రజని కాదు. సూక్ష్మజీవులు చనిపోయి కుళ్లినప్పుడు క్రమంగా తిరిగి లభిస్తుంది. కానీ లేత పైరు అంతవరకు ఆగలేదు.

ఇదే లెక్కను 2.5 శాతం నత్రజని గల జీలుగకు వర్తింపజేస్తే నిష్పత్తి 16 అవుతుంది. టన్నులో సగం కుళ్లినప్పుడు 12.5 కిలోల నత్రజని విడుదలై, 10 కిలోలు సూక్ష్మజీవులకు పోగా 2.5 కిలోలు పైరుకు మిగులుతుంది. రెండూ సేంద్రియ పదార్థాలే అయినా ఒకటి తొలుత అప్పు తీసుకుంటుంది, రెండవది తొలుతనే ఇస్తుంది.

నీరు నిలిచిన దమ్ములో పరిస్థితి మారుతుంది. గాలి లేని చోట పనిచేసే సూక్ష్మజీవులకు కర్బనం నుంచి లభించే శక్తి తక్కువ కావడంతో శరీర నిర్మాణానికి వాడుకునే వాటా కూడా తగ్గుతుంది. ఆ వాటా 20 శాతమైతే సంధి నిష్పత్తి 40కి పెరిగి, టన్ను గడ్డికి నత్రజని లోటు 7 కిలోల నుంచి 2 కిలోలకు తగ్గుతుంది. అందువల్ల వరి తరువాత వరికీ, వరి తరువాత మొక్కజొన్నకూ ఒకే సిఫారసు సరిపోదు. అయితే నీటి కింద గడ్డి కుళ్లేటప్పుడు సేంద్రియ ఆమ్లాలు, మీథేన్ ఏర్పడతాయి కనుక, నాటడానికి ముందు వ్యవధి ఇవ్వవలసిన అవసరం తొలగిపోదు.

గడ్డి కుళ్లడానికి సూపర్ ఫాస్ఫేటు చల్లడం తెలుగు రైతులకు పరిచితమైన పద్ధతి. భాస్వరం తక్కువగా ఉన్న నేలలో అది సమంజసమే. ఏటా భాస్వరం ఎరువులు వేసి లభ్య భాస్వరం పేరుకున్న పొలంలో భాస్వరం భిన్నం ఇప్పటికే 1కి దగ్గరగా ఉంటుంది. అటువంటి చోట కుళ్లే వేగాన్ని నిర్ణయించేది నత్రజని, తేమ, వ్యవధి. భూసార పరీక్ష ఫలితం చూడకుండా ఇచ్చే సలహా అక్కడ రైతుకు ఖర్చుగానే మిగలవచ్చు.

జీవన ఎరువుల లెక్క

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలోని రైజోబియం వంటి జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలి. 2 కిలోలలో ఇవి 10,000 కోట్లు. సంఖ్య ఘనంగానే కనిపిస్తుంది. కానీ ఎకరా విస్తీర్ణంలో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. సమానంగా కలిస్తే గ్రాము మట్టికి చేరేవి సుమారు 110 కణాలే. అదే గ్రాములో అప్పటికే ఉండే బ్యాక్టీరియా 10 కోట్ల నుంచి 100 కోట్ల వరకు ఉంటాయి.

అదే 200 గ్రాముల పొడిని 10 కిలోల కంది విత్తనానికి పట్టించినప్పుడు, 100 గింజల బరువు 10 గ్రాములనుకుంటే, ఒక్కొక్క గింజపై సుమారు లక్ష కణాలు చేరతాయి. పైగా మొలకెత్తే వేరు స్రవించే చక్కెరలు, ఆమ్లాలు అక్కడే లభిస్తాయి. విత్తనశుద్ధికీ, పశువుల ఎరువులో కలిపి సాళ్లలో వేయడానికీ ప్రాధాన్యం ఇవ్వడంలోని తర్కం ఇదే.

సంఖ్యతో పాటు పోటీని కూడా గమనించాలి. ఊహాత్మకంగా రెండు సూక్ష్మజీవులను తీసుకుందాం. మొదటిదాని గరిష్ఠ వేగం గంటకు 1, స్థిరాంకం 10 మిల్లీగ్రాములు. రెండవదానివి 0.4, 1 మిల్లీగ్రాము. పోషకం 40 మిల్లీగ్రాములు ఉంటే మొదటిది 0.8 వేగంతో పెరిగి, 0.39 వేగం గల రెండవదానిని మించిపోతుంది. పోషకం 1 మిల్లీగ్రాము మాత్రమే ఉంటే మొదటిది 0.09కి పడిపోతుంది, రెండవది 0.2తో ముందుంటుంది. 5 మిల్లీగ్రాముల వద్ద రెండూ సమానం. పోషకాలు పుష్కలంగా ఉన్న ప్రయోగశాల మాధ్యమంలో వేగంగా పెరిగినందుకే ఎంపికైన రకం, పేద నేలలో స్థానిక సూక్ష్మజీవుల ముందు నిలవకపోవచ్చు. కాబట్టి రకాల ఎంపికలో గరిష్ఠ వేగంతో పాటు తక్కువ పోషకంలో పెరిగే శక్తిని కూడా కొలవడం అవసరం.

నమూనాల హద్దులు

మోనో పనిచేసినది కలియబెట్టిన ద్రావణంలో. నేల అలాంటిది కాదు. మట్టి రేణువుల నడుమ రంధ్రాలలో, పలుచని నీటి పొరలలో పోషకం మెల్లగా కదులుతుంది. సగటున సమృద్ధి ఉన్నా కణం ఉన్న చోట కొరత ఉండవచ్చు. నేలలోని సూక్ష్మజీవులలో అధిక భాగం ఏ సమయంలోనైనా నిద్రాణ స్థితిలో ఉంటాయి. ఎదుగుదల లేకపోయినా ప్రాణం నిలుపుకోవడానికి కణాలు శక్తిని ఖర్చు చేస్తాయని పిర్ట్ 1965లో సమీకరణంలో చేర్చిన పదం గుర్తుచేస్తుంది. ఉష్ణోగ్రత, తేమ మారితే స్థిరాంకాలూ మారతాయి. పైన వాడిన 8, 40 శాతం వంటి అంకెలు సహేతుకమైన అంచనాలే గాని ప్రతి పొలానికీ వర్తించే కొలతలు కావు. అందువల్ల ఈ లెక్కలను ఎరువు మోతాదుగా రైతుకు నేరుగా అందించరాదు. ఏ పరీక్ష చేయాలో నిర్ణయించుకోవడానికి వాడుకోవాలి.

క్షేత్రంలో పరీక్ష

అటువంటి పరీక్షను రైతు పొలంలో చిన్న మడులలో చేయవచ్చు. గడ్డి కలిపిన నాలుగు మడులలో ఒకదానికి ఏమీ చేర్చకుండా, ఒకదానికి నత్రజని, ఒకదానికి భాస్వరం, ఒకదానికి రెండూ ఇవ్వాలి. నత్రజని పైరుకు నేరుగా కూడా మేలు చేస్తుంది కనుక, గడ్డి కలపని నాలుగు మడులకు అవే చర్యలు ఇచ్చి పోల్చాలి. వీలైనన్ని పునరుక్తులు ఉండాలి. గడ్డి కలిపిన మడులలోని పైరు గడ్డి లేని మడులకన్నా వెనుకబడి, నత్రజని ఇచ్చినప్పుడు ఆ అంతరం తగ్గితే కొరత నత్రజనిదే. భాస్వరం ఒక్కటి ఇచ్చినా అంతరం తగ్గకపోతే సూపర్ ఫాస్ఫేటు అక్కడ ఆ పనికి అవసరం లేదు. రెండూ కలిపి ఇచ్చినప్పుడు మాత్రమే తగ్గితే అది ఉమ్మడి కొరత. నత్రజని చేర్చకుండానే విత్తే సమయాన్ని వెనక్కి జరిపినప్పుడు అంతరం తొలగితే, ఆ రైతుకు కావలసినది మరొక బస్తా ఎరువు కాదు, కొన్ని వారాల వ్యవధి.

గడ్డిని కాల్చవద్దని చెప్పడం సులభం. కలియదున్నిన తరువాత పైరు పాలిపోతే రైతు మరుసటి ఏడు మళ్లీ అగ్గిపుల్ల గీస్తాడు. ఆ పాలిపోవడానికి కారణం, దాని పరిమాణం, అది తొలగే కాలం ముందుగా చెప్పగలిగిన విస్తరణ శాస్త్రవేత్త మాటకే విలువ ఉంటుంది.