మోత పెట్టే ఫ్యాన్ ఏది?

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, క్యాబినెట్ అన్నిటికీ విడివిడిగా ఫ్యాన్లు ఉంటాయి. మోత ఎక్కడిదో తేల్చడానికి ముందుగా దాని తీరు వినాలి. టకటకమంటే రెక్కలకు వైరు తగులుతున్నట్టే. గరగర చాలావరకు బేరింగ్ అరుగుదలకు గుర్తు. దానికి మందు ఫ్యాన్ మార్చడమే. ఒట్టి గాలి హోరైతే ఫ్యాన్‌లో లోపం లేదు, వేగమే ఎక్కువ. హీట్‌సింక్‌లో దుమ్ము పేరుకున్నా, థర్మల్ పేస్ట్ ఎండినా వేడి పెరిగి ఫ్యాన్ పరుగెడుతుంది.

చాలామంది గమనించని కారణం మరొకటుంది. 4 పిన్నుల ఫ్యాన్ వేగాన్ని పీడబ్ల్యూఎం సంకేతం నియంత్రిస్తుంది. 3 పిన్నుల ఫ్యాన్‌కు వోల్టేజీయే తగ్గాలి. మదర్‌బోర్డు పీడబ్ల్యూఎం పద్ధతిలో ఉంటే 3 పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ 12 వోల్టులతో పూర్తి వేగాన తిరుగుతుంది. బయాస్‌లో డీసీ పద్ధతికి మారిస్తే హోరు తగ్గుతుంది.

అనుమానం తీరకపోతే, కంప్యూటర్ ఆపి, క్యాబినెట్ ఫ్యాన్ల ప్లగ్గులు ఒక్కొక్కటిగా తీసి మళ్లీ నడిపి వినాలి. ప్రాసెసర్ ఫ్యాన్‌ను మాత్రం తీయకూడదు. పవర్ సప్లై పెట్టెను అసలు విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలి ఉంటుంది.