ధ్రువయాత్రలును మన మెట్టచేలును

కంబదూరు రచ్చకట్టపై గూర్చుండి మంచు ఖండమును గూర్చి ప్రసంగించువానిని జూచి రైతులు నవ్వినచో అది వారి తప్పు కాదు. మృగశిర పోయి ఆరుద్ర వచ్చినను నేల తడియక, వేరుసెనగ విత్తనము ఇంటనే యుండగా, మింటివంక జూచుచుండువారికి దక్షిణ ధ్రువముతో నేమి పని? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట మా విధియని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట నొక విచిత్రము. అంటార్కిటికా మంచుతో గప్పబడియున్నను ఎడారియే. అనంతపురపు సీమలో సాలున గురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ ఖండపు నడిభాగమున బడు మంచును గరగించి కొలిచినను అందు పదవవంతు గూడ రాదు. అచ్చట గనబడునది లక్షల యేండ్లుగా గరగక పేరుకొన్న పాత నిల్వయే. కావున కఱవు నేలవారికి ఆ నేల బొత్తిగా పరాయిది కాదు.

1773 జనవరి 17న కెప్టెను కుక్ దక్షిణ ధ్రువవృత్తమును దాటెను గాని ఖండమును జూడజాలడయ్యెను. అది మానవుల కంటబడినది 1820లో. 1911 డిసెంబరు 14న నార్వే దేశీయుడగు అముండ్‌సెన్ ధ్రువమును జేరెను. ఆంగ్లేయుడగు స్కాట్ 1912 జనవరి 17న జేరి, మరలివచ్చుచు నలువురు సహచరులతో గూడ మరణించెను. వారి చివరి గుడారమునకు ఆహారపు నిల్వ 11 మైళ్ల దూరముననే యుండెను. స్కాట్ ధైర్యమునకు లోపము లేదు. అయితే అముండ్‌సెన్ 1903 మొదలు 1906 వఱకు ఉత్తర సముద్రములలో దిరిగినపుడు అచ్చటి ఆదివాసులతో గలసి మెలసి, తోలు దుస్తులు ధరించుటయు కుక్కలచే బండ్లు లాగించుటయు నేర్చుకొనెను. స్కాట్ గుఱ్ఱములను నమ్మెను. అవి పోయిన పిమ్మట మనుష్యులే బండ్లను లాగిరి. ఏ నేలలో నడువవలెనో ఆ నేలవారి నడిగి నేర్చుకొన్నవాడు బ్రదికి వచ్చెను. మెట్ట సేద్యమునకు పథకములు వేయు ఉద్యోగులు ఈ సంగతిని మననము చేయుదురుగాక!

ఈ కథలో భారతదేశమునకు భాగము లేదనుకొనరాదు. స్కాటుతో వెళ్లిన వాతావరణ శాస్త్రజ్ఞుడు జార్జి సింప్సన్ భారత వాతావరణ శాఖలోని యుద్యోగియే. 1912లో స్కాట్ బృందమును వెదకబోయినవారి బండ్లను లాగినవి ఏడు భారతదేశపు కంచరగాడిదలు. వానిలో నొకదాని పేరు 'గులాబ్'. నవంబరు 12న ఆ గుడారము కనబడెను. మృతుల చెంత 35 పౌనుల రాళ్లు దొరకెను; మరణావస్థలో గూడ వారు వానిని పారవేయలేదు. అందు గ్లోసాప్టెరిస్ అను పురాతన వృక్షపు ఆకుల ముద్రలుండెను. ఆ జాతి ముద్రలే మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలయందును గలవు. ఈ రెండు నేలలును ఒకప్పుడు గోండ్వానా యను నొకే ఖండమున జేరియుండెననుట కిది గొప్ప సాక్ష్యము.

స్వతంత్ర భారతము 1956లోనే అంటార్కిటికా ప్రశ్నను ఐక్యరాజ్యసమితి యెదుట బెట్టెను. అయినను 1959లో పండ్రెండు దేశములు ఒడంబడిక వ్రాసికొన్నపుడు మనకు స్థానము లేకపోయెను. 1981 డిసెంబరు 6న కాసిం గారి నాయకత్వమున 21 మంది గోవానుండి బయలుదేరి, 1982 జనవరి 9న ఆ మంచుపై కాలు మోపిరి. 1983లో మనము ఒడంబడికలో జేరి నిర్ణయాధికారము గూడ బడసితిమి. దక్షిణ గంగోత్రి మంచులో గూరుకొనిపోగా మైత్రి వచ్చెను. 2012లో భారతి వెలసెను. మైత్రిలో భూకంపములను, భూమి యయస్కాంత శక్తిని గొలుచు పనిలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పాల్గొనినది.

తాగునీటికి కటకటపడు దేశమునకు ఈ వ్యయమేల యని యడుగువారు గలరు. అడుగుట న్యాయమే. మా యుత్తరమిది. నేలను చిత్రించు ఉపగ్రహములు ప్రతి ప్రదక్షిణమునందును ధ్రువముల సమీపముననే పోవును. హైదరాబాదుమీదుగా బోవునది దినమునకు కొలది మారులే. అందుచేత 2013లో హైదరాబాదు జాతీయ దూరసంవేదన కేంద్రము వారు భారతిలో నొక గ్రాహక కేంద్రమును నెలకొల్పి, అందు జేరిన చిత్రములను షాద్‌నగరునకు రప్పించుకొను నేర్పాటు చేసిరి. చెఱువులలో నీరెంత, చేలలో పైరెట్లున్నదని తెలుపునవి ఇట్టి చిత్రములే.

కావున మేము కోరునది యాత్రలు మానవలెనని కాదు. మంచు ఖండమునుండి షాద్‌నగరు వఱకు వచ్చు సమాచారము అచ్చటనే నిలిచిపోక, రైతునకు తెలియు తెలుగులో, విత్తుటకు ముందే కంబదూరు చేరవలెను. వానను గురిపించుట శాస్త్రజ్ఞుని వశము గాదు; తెలిసినదానిని సకాలమున జెప్పుట మాత్రము వశమే. ఆహారపు నిల్వకు 11 మైళ్ల దూరమున బ్రాణములు విడిచిన స్కాట్ గతి మన మెట్ట రైతునకు బట్టకుండుగాక!